గడ్డం లేని మొహం

పోయినవారం మీరు నన్ను హార్లో కౌంటీ కోర్టు మెట్ల మీద, ఒక చేతిలో టైపు మిషనుతో, ఇంకో చేతిలో చల్లారిపోయిన కాఫీతో వదిలేసి వెళ్లారు. అక్కణ్ణుంచే అందుకుంటాను. కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు నాదీన్. కోర్టులో ఎవరేం మాట్లాడినా పొల్లు పోకుండా టైపు చేయడం నా ఉద్యోగం. నోరు మూసుకుని వేళ్లు ఆడించాలి. మా అమ్మ ఈ మాట వింటే నవ్వుతుంది, ఎందుకంటే నా నోటికీ మూతకీ చిన్నప్పటినుంచి పడదు. అందుకే కోర్టులో మింగిన మాటలన్నీ మీ ముందు కక్కుతున్నాను.

వెస్ టార్బెట్ పేరు తెలియని ఇల్లు మా టెన్నెసీలో లేదు. పెళ్లి అయినా చావయినా అతని పాట మోగాల్సిందే. నిరుడు ఎండాకాలం ఒక సాయంత్రం అతనూ, అతని బృందంలో డ్రమ్ములు వాయించే లైల్ ప్రుయిట్ అనే కుర్రాడూ మోటారు పడవేసుకుని సరస్సులోకి వెళ్లారు. పడవ పోయి రాతిగట్టుకి గుద్దుకుంది. వెస్ ఈదుకుంటూ వచ్చాడు, లైల్ శవమై వచ్చాడు. తాగి పడవ నడిపింది వెస్ అని ప్రభుత్వం కేసు పెట్టింది. కాదు, చుక్కాని పట్టింది లైలే అని వెస్ లాయరు వాదన. మొదటి విచారణ నాష్‌విల్‌లో జరిగింది. జూరీలో పదకొండు మంది దోషి అన్నారు. ఒకే ఒక్కడు ససేమిరా అని భీష్మించుకుని కూర్చున్నాడు. మా దగ్గర పన్నెండుమందీ ఒక్క మాట మీదికి రాకపోతే తీర్పు లేదు. అంతా అయిపోయాక తెలిసిందేమిటంటే, ఆ ఒక్కడు వెస్ కచేరీల వెంట ఊరూరా తిరిగిన భక్తుడు. 'ఆ పాటగాడెవరో నాకు సరిగ్గా తెలీదండీ' అని దేవుడి మీద ప్రమాణం చేసి మరీ కూర్చున్నాడు మహానుభావుడు.

ఇది రెండో విచారణ. మూడోది ఉండదని పైవాళ్లు తేల్చి చెప్పేశారు. ప్రభుత్వం తరఫు లాయరు వెర్నా కీన్ ప్రాణాలన్నీ ఇప్పుడు ఒక్కచోటే ఉన్నాయి. వెస్ మీద ఇష్టం గానీ కోపం గానీ లేని పన్నెండుమందిని ఏరుకోవాలి. ఇంకొక్క భక్తుడు దూరినా వెస్ ఇంటికి, లైల్ తల్లి స్మశానానికి. ఆ తల్లి పేరు ఓపల్. రోజూ వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. తనకోసం చుట్టి తెచ్చుకునే చీజ్ శాండ్‌విచ్‌తో పాటు వెర్నాకీ ఒకటి చుట్టి తెస్తుంది. వెర్నా అది తినలేదు, వద్దనీ అనలేదు.

నాష్‌విల్‌లో అలాంటి పన్నెండుమంది ఎక్కడ దొరుకుతారు? అందుకని జూరీని దూరపు కొండల్లో ఏరి, బస్సెక్కించి, నాష్‌విల్ హోటల్లో పెట్టి విచారణ జరపాలని జడ్జి టల్లీగారు నిర్ణయించారు. ఆయన చెప్పిన కౌంటీల్లో హార్లో పేరు రాగానే వెస్ లాయరు ప్రెస్టన్ గార్లండ్ ఇంతెత్తున లేచాడు. వాళ్లు మొరటువాళ్లు, చర్చి తప్ప ఇంకోటి తెలియనివాళ్లు, తాగుడంటే మండిపడతారు, మా వాడికి న్యాయం జరగదు అని గోల పెట్టాడు. గార్లండ్ వద్దన్నాడంటే అదే మనకి కావాల్సిన చోటని వెర్నా పట్టుబట్టి హార్లోనే సాధించింది. ఆ రోజు ఆమె మొహంలో వెలుగు చూడాల్సింది మీరు.

సరే, ఇక ఈ వారం సంగతి.

పొద్దున్నే కోర్టు హాలు కిటకిటలాడుతోంది. పిలిచిన జనమంతా బల్లల మీద సర్దుకుని కూర్చున్నారు, మొదటి విడతగా కొందరు జూరీ కూర్చునే చెక్క పెట్టెలోకి ఎక్కారు. అప్పుడు పక్క తలుపులోంచి వెస్ వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. ఇన్నాళ్లూ ప్రతి పోస్టరు మీదా చూసిన ఆ గుబురు గడ్డం లేదు. నున్నగా గీసిన మొహం, కింది పెదవి కింద తెల్లటి గీతలా పాత మచ్చ. పెళ్లికొడుకులా తయారుచేసి తెచ్చాడు చూడు, అని వెర్నా నా పక్కనుంచి పోతూ గొణిగింది. నేరస్థుణ్ణి పెద్దమనిషిగా చూపించడానికి లాయర్లు వేసే ఎత్తుల్లో ఇది పాతదే కాబట్టి మేమిద్దరం పెద్దగా పట్టించుకోలేదు.

ప్రశ్నలు మొదలయ్యాయి. జూరీకి పిలిపించుకున్నవాళ్లని లాయర్లు అడిగే ప్రశ్నలు నేను లెక్కలేనన్ని టైపు చేశాను. ఎక్కడైనా ఒకటే తంతు. నువ్వు పక్షపాతం లేకుండా తీర్పు చెప్పగలవా అంటే, చెప్పలేను అనేవాడు పుట్టలేదు. మనిషన్నవాడు తన గురించి చెడ్డగా అనుకోడు కదా. పైగా నాష్‌విల్ వాళ్లయితే ఒకటడిగితే పది చెబుతారు, ఆ పదిలో ఎక్కడో వాళ్ల మనసు దొరుకుతుంది. ఈ కొండవాళ్లతో మాత్రం వెర్నాకి చెమటలు పట్టాయి. అడిగినదానికి అడిగినంతే జవాబు. తాగుడు మీద మీకేమైనా అభిప్రాయాలున్నాయా అని ఇనప సామాన్ల కొట్టు ఆసామిని అడిగింది. ఉన్నాయన్నాడు. ఏమిటవి అంటే, గట్టివే అన్నాడు. ఆపైన ఇంకో మాట రాలితే ఒట్టు.

వెస్ పాటలు వింటారా అంటే లేదు. కచేరీకి వెళ్లారా అంటే లేదు. ఇంట్లో రికార్డులున్నాయా అంటే లేవు. వరసగా అందరిదీ అదే పాట. వెర్నా కళ్లు మెరుస్తున్నాయి. ఇన్ని నెలల నుంచి వెతుకుతున్న బంగారపు గని దొరికినట్టే ఉంది ఆవిడకి. నాక్కూడా సంతోషంగానే ఉంది, కాదనను.

అప్పుడు ఐడా మే క్రౌచ్ వంతు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి జుట్టు బిగించి ముడేసింది, ఒళ్లో చేతిసంచి. ఒకప్పుడు బడిపిల్లల బస్సు నడిపేదట. భర్త పోయాడు. ఒక్కగానొక్క కొడుకు కూడా పోయాడు. ఎలా పోయాడమ్మా అని వెర్నా మెల్లగా అడిగింది. తాగినవాడు లారీతో గుద్దేశాడని ముసలావిడ కళ్లు దించకుండా చెప్పింది.

వెర్నా నెత్తిన ఎవరో పాలు పోసినట్టే. తాగుబోతు చేతిలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి, ఇంకో తల్లి కడుపుకోత మీద తీర్పు చెప్పడం! ఏ లాయరైనా ఇలాంటి మనిషిని తన క్లయింటు దరిదాపులకి రానివ్వడు. కారణం చెప్పకుండా కొందరిని తీసెయ్యడానికి రెండు పక్షాలకీ హక్కుంది. గార్లండ్ దగ్గర ఆ హక్కు ఇంకా బోలెడు మిగిలి ఉంది కూడా. జడ్జిగారు అతనివైపు చూశారు. గార్లండ్ చిరునవ్వు నవ్వి, ఈ అమ్మగారంటే మాకు అభ్యంతరం లేదండీ, అన్నాడు.

అతను పొరపాటున అన్నాడేమో అనుకున్నాను. గార్లండ్ పొరపాట్లు చేసే మనిషి కాదు. అతను కాఫీలో చక్కెర కూడా ఆలోచించి వేసుకుంటాడు.

వెర్నా కూర్చోబోతున్నదల్లా సగంలో ఆగిపోయింది. నాకు కావాల్సిన మనిషి వాడికెందుకు కావాలి? ఆ ప్రశ్న ఆవిడ మొహం నిండా రాసి ఉంది. కాగితాలు బల్ల మీద పెట్టేసి, ఉత్త చేతులతో ముసలావిడ ముందుకి వెళ్లి నిలబడింది.

ముందు అడిగినవే మళ్లీ అడిగింది. ఆయన పాటలు ఎప్పుడూ వినలేదా? వినలేదు, మా ఇంట్లో చర్చి పాటలే. పేపర్లో ఫోటో? అంత చిన్నవి నా కళ్లకి సరిగ్గా ఆనవు. మరి మనిషిని చూశారా?

"చూశానమ్మా. ఇందాక ఆ తలుపులోంచి వచ్చాడుగా."

"ఈ రోజు కాదండీ. ఇంతకుముందు ఎప్పుడైనా ఆయన్ని చూశారా?"

ముసలావిడ సంచి పట్టీ సర్దుకుంది. వెస్ బల్ల మీదికి తలవంచుకున్నాడు. గార్లండ్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఈ పేరుతోనా, ఇంకో పేరుతోనా?" అంది ఐడా మే.

గార్లండ్ ఒక్క ఉదుటున లేచి అభ్యంతరం అన్నాడు. దేనికి అభ్యంతరమో అతనికే తెలిసినట్టు లేదు. జడ్జి టల్లీగారు ఇంతవరకూ ఎప్పుడూ సుత్తి గట్టిగా కొట్టి ఎరగరు, ఇప్పుడు కొట్టారు. ముసలావిడని, ఇద్దరు లాయర్లని, వెస్‌ని, నన్ను వెనక గదిలోకి రమ్మన్నారు. వెళ్తూ వెళ్తూ జూరీ పెట్టెవైపు చూశాను. అందులో ఉన్నవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. అదే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది.

వెనక గది ఇరుకు. ఒకళ్ల మోకాళ్లు ఒకళ్లకి తగులుతున్నాయి. నా మిషను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జడ్జిగారు గౌను మడుచుకుని కూర్చుని, అమ్మా, మొదట్లోనే ఈ మాట ఎందుకు చెప్పలేదని కాస్త కోపంగానే అడిగారు.

"పాటలు విన్నావా అన్నారు, వినలేదన్నాను. కచేరీకి పోయావా అన్నారు, పోలేదన్నాను. బువ్వ పెట్టావా అని అడిగుంటే పెట్టానని చెప్పేదాన్ని."

తర్వాత ఆవిడ చెప్పింది నేను ఒక్క అక్షరం వదలకుండా కొట్టాను. వెస్‌కి పన్నెండు పదమూడేళ్లప్పుడు అతని తల్లి ఏదో ఇబ్బందిలో పడి, పిల్లాణ్ణి ఈ కొండల్లో చిన్నమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్లింది. రెండు చలికాలాలు ఉన్నాడు. అప్పటి పేరు వేరు. చిన్నగా ఉండేవాడని అందరూ బటన్ అని పిలిచేవాళ్లు. ఐడా మే బస్సులోనే బడికి వెళ్లేవాడు. రెండో చలికాలం రోడ్డు మీద మంచు గట్టిపడి బస్సు జారి వాగులో పడింది. ఐడా మే తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పింది. బస్సులో పెద్దవాళ్లు ఇంకెవరూ లేరు.

"వీడు అద్దం పగలగొట్టుకుని బయటపడ్డాడు. ఆ మచ్చ ఆ అద్దం కోసిందే. గట్టెక్కినవాడు గట్టు మీద ఉండచ్చు కదా? మళ్లీ దూకాడు. ఒక్కొక్కణ్ణీ జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఆఖర్న మా డోనీని తెచ్చాడు. డోనీ తర్వాత పెద్దయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, నాకు కొత్త పొయ్యి కొనిచ్చాడు. ఆ తర్వాతే లారీ గుద్దింది. ఆ మధ్యలో ఏళ్లున్నాయే, అవన్నీ వీడిచ్చినవి."

నా కళ్లు మసకబారాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. అలాగే కొట్టుకుంటూ పోయాను.

మిగతా పిల్లలేమయ్యారమ్మా అని వెర్నా అడిగింది.

"పెరిగారు."

"ఎక్కడున్నారు?"

"ఇక్కడే. కొండ దిగి ఎవరు పోతారు? ఆ పెట్టెలో ముగ్గురున్నారు. ఇనప కొట్టు వాడొకడు. బల్లల మీద ఇంకా ఉన్నారు, వాళ్ల పెళ్లాలు, వదినలు, మేనల్లుళ్లు. గడ్డంతో ఉంటే మాకేం తెలిసేది కాదు. గడ్డం తీసి ఎదురుగా కూర్చోబెడితే గుర్తుపట్టరూ?"

వెర్నా మెల్లగా గార్లండ్ వైపు తిరిగింది. కోపంతో ఊగిపోతుందనుకున్నాను. కానీ ఆవిడ గొంతులో అసలు బలమే లేదు.

"వద్దు వద్దని నువ్వు గోల పెట్టావు, నేను పట్టుబట్టాను. ఈ ఊరిని నా చేతే అడిగించావు కదూ ప్రెస్టన్?"

గార్లండ్ భుజాలు ఎగరేశాడు. మనిషి గడ్డం గీసుకోకూడదని ఏ చట్టంలోనైనా ఉంటే చూపించమన్నాడు. పాటలు విన్నారా అని అడిగింది మీరు, అడగాల్సింది అడగకపోతే నా తప్పా అన్నాడు. అతని మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అందుకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జడ్జిగారు ముక్కుపుటాలు అదురుతుండగా, లాయరుగారూ ఈ సంగతి మనం వేరేగా మాట్లాడుకుందాం అన్నారు. ఆయన అలా అన్నారంటే ఎవరికో ఉద్యోగం మీదికి వచ్చిందని నాష్‌విల్‌లో అందరికీ తెలుసు.

పిలిచిన జనాన్నందరినీ పంపించేసి మొదటినుంచీ మొదలుపెట్టాలని వెర్నా అడిగింది. జడ్జిగారు తల పంకించారు. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి, ఐడా మే వైపు తిరిగి అందరినీ అడిగే ఆ ఒక్క ప్రశ్నా అడిగారు. అమ్మా, ఈ పాత సంగతంతా పక్కన పెట్టి, కోర్టులో విన్న సాక్ష్యం బట్టి మాత్రమే తీర్పు చెప్పగలవా?

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకి నేను టైపు చేసిన జవాబు ఒకటే, అవును. నా వేళ్లు అప్పటికే ఆ అక్షరాల మీద ఉన్నాయి.

"చెప్పలేనయ్యా," అంది ఐడా మే. "వాడు చంపడం నా కళ్లతో చూసినా వదిలేస్తాను. నన్ను పంపించెయ్యండి."

జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒక మనిషి నిజం చెప్తే ఇలా ఉంటుందని మేమంతా మరిచిపోయినట్టున్నాం. వెళ్లిరామ్మా అని ఆయన మెత్తగా అన్నారు. ముసలావిడ సంచి తీసుకుని లేచింది. తలుపు దగ్గరికి పోవాలంటే వెస్‌ని దాటుకుని పోవాలి. అతని ముందుకి వచ్చి ఆగిపోయింది.

వెస్ లేచి నిలబడ్డాడు. నెలల తరబడి నేను ఈ మనిషికి ఎదురుగా కూర్చుంటున్నాను. ఇన్నాళ్లలో కోర్టులో అతని నోటినుంచి నేను రాసుకున్న మాట ఒకటే, నిర్దోషిని అన్నది. అదీ గార్లండ్ మోచేత్తో పొడిస్తే అన్నాడు.

ఐడా మే అతని చుబుకం కింద వేలు పెట్టి మొహం పైకెత్తింది. బస్సులో అల్లరి చేసిన పిల్లాణ్ణి నిలబెట్టి అడిగినట్టు అడిగింది.

"నాకు చెప్పు బటన్. ఆ పడవ నడిపింది నువ్వేనా?"

గార్లండ్ పెద్దగా అరిచాడు, జవాబు చెప్పద్దన్నాడు. జడ్జిగారు లేచి, అమ్మా, మీరలా అడక్కూడదు, వెళ్లిపోండి అంటున్నారు. వెర్నా మాత్రం వెస్ పెదాలవంకే చూస్తోంది. ఏది వినబడితే అది కొట్టడం తప్ప ఆ క్షణంలో నాకింకేమీ తెలియలేదు.

వెస్ గార్లండ్ చేతిని భుజం మీంచి తీసేశాడు.

"కాదు ఐడమ్మా. నీకు అబద్ధం చెప్పను. నడిపింది నేను కాదు. లైల్ కూడా కాదు."

గార్లండ్ కుర్చీ వెనక్కి పడింది. ఈ మాటలు చెల్లవన్నాడు, రాతలోంచి తీసెయ్యాలన్నాడు, నా క్లయింటుకి ఒంట్లో బాగాలేదన్నాడు. ఒకదాని వెనక ఒకటి అంత వేగంగా అతను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. జడ్జిగారు అతని వంక చూడకుండా నాకు మాత్రం చెయ్యి ఊపారు, ఆపద్దని. వెర్నా గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నీ కొడుకుని చంపింది వీడేనని ఆవిడ ఏడాదిగా ఓపల్‌కి చెబుతూ వచ్చింది. ఓపల్ ఆ తలుపు అవతలే, ముందు వరసలో కూర్చుని ఉంది.

వెస్ తన లాయరు వైపు తిరిగాడు. అతని గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"ఆ రోజు పడవలో మూడో మనిషెవరో నువ్వు చెప్తావా ప్రెస్టన్, నన్నే చెప్పమంటావా?"